అమ్మ తలగడ కింద జపమాల

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో ఉద్యోగం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె, తరతరాలుగా కతోలికులం. ముత్తాత కాలం నుంచి మా ఇంట్లో పునీత అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) స్వరూపం ఉంది. మంగళవారాలు దాని ముందు జపమాల చెప్పుకోవడం, జూన్ 13న పండుగ రోజు వీధిలో అందరికీ రొట్టెలు పంచడం మా ఇంటి ఆనవాయితీ. నాన్న పోయి రెండేళ్లయింది. 71 ఏళ్ల అమ్మ విజయవాడలో అన్నయ్య దగ్గర ఉంటోంది. అన్నయ్య ఆరేళ్ల కిందట పెంతెకోస్తు సంఘంలో చేరాడు. స్వరూపాలు పెట్టుకోవడం విగ్రహారాధన అంటాడు. అమ్మ జపమాలను తలగడ కింద దాచుకుని, అందరూ పడుకున్నాక చెప్పుకుంటోంది. ఇప్పుడు ఊళ్లో ఇల్లు అమ్మేస్తున్నాం. అంతోనివారి స్వరూపాన్ని కాలవలో వేసేస్తానంటున్నాడు అన్నయ్య. నేను తెచ్చుకుంటానంటే, ‘నువ్వు గుడికే వెళ్లవు, నీకెందుకు?’ అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే నేను పూజకు వెళ్లి ఏడాది దాటింది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, దానికి పునీతులెవరో కూడా తెలియదు. నమ్మకం సగమే ఉన్న నేను ఆ స్వరూపాన్ని తెచ్చుకోవచ్చా? అన్నయ్యతో ఎలా మాట్లాడాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అంతోనివారి స్వరూపం కాదు, ఆ తలగడ. పిల్లల్ని పెంచి పెద్ద చేసి, భర్తను సాగనంపిన మనిషి, కన్నకొడుకు ఇంట్లో దొంగచాటుగా దేవుణ్ణి తలుచుకుంటోంది. మీరు అడిగిన రెండు ప్రశ్నల్లోనూ ఆవిడ లేదు. స్వరూపం మీకు రావాలా, కాలవలోకి పోవాలా అని అన్నాచెల్లెళ్లు వాదించుకుంటున్నారు. అది ఇప్పటికీ అమ్మది. అమ్మను అడిగారా?

అడగకపోతే ఈ శని, ఆదివారాల్లో విజయవాడ వెళ్లండి. ఫోన్‌లో అడగొద్దు. పక్కగదిలో కొడుకూ కోడలూ ఉంటే ఆవిడ ‘నాకేం లోటు లేదమ్మా’ అనే అంటుంది. గుణదల తీసుకెళ్లండి. 1924లో అక్కడ మరియమాత స్వరూపం నిలిపినప్పటి నుంచి మన వైపు ఆడవాళ్లు తమ కష్టాలు చెప్పుకోవడానికి ఆ కొండకే వెళ్తున్నారు. ఫిబ్రవరి పండుగ రోజుల్లో అయితే జనం మధ్య మాట వినపడదు. మామూలు రోజున వెళ్లండి. మోకాళ్ల నొప్పులుంటే పైదాకా ఎక్కించొద్దు, కిందే ఓ నీడ పట్టున కూర్చోండి. ‘అమ్మా, అంతోనివారిని ఏం చేద్దాం?’ అని అడిగి, ఆవిడ చెప్పేదాకా ఆగండి.

ఆవిడ ఏం చెప్తుందో నేను చెప్పలేను. ‘నువ్వు తీసుకెళ్లు’ అనొచ్చు. ‘ఊళ్లో గుడికి ఇచ్చేద్దాం’ అని కూడా అనొచ్చు. అలా అంటే మీకు బాధగా ఉన్నా ఒప్పుకోండి. ఇక్కడ నాకు పునీత మోనికమ్మ గుర్తొస్తోంది. కొడుకు అగుస్తీను కోసం ఏళ్ల తరబడి ఏడ్చిన తల్లి అని ఆవిడ గురించి అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆఫ్రికాలో తమ ఊరి అలవాటు ప్రకారం, మిలాను నగరంలో కూడా ఆవిడ వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల) సమాధుల దగ్గరికి గంజి, రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్లింది. అక్కడ బిషప్ అంబ్రోసు దాన్ని మాన్పించారని కాపలావాడు చెప్పగానే, గొడవపడకుండా మానేసింది. ఇవ్వగలిగింది పేదలకు ఇచ్చింది. పెద్దవాళ్లు మనం అనుకున్నంత మొండివాళ్లేం కాదు, ఎంతో ఇష్టమైన అలవాటును కూడా వదులుకోగలరు. కానీ వదులుకునేది వాళ్లే అయ్యుండాలి. చేతిలోంచి లాక్కుంటే అది వేరే సంగతి. మీ అన్నయ్యకు అర్థం కావలసింది ఇదే.

ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. విగ్రహాలు చేసుకోవద్దన్న ఆజ్ఞ ఉన్న నిర్గమకాండం 20వ అధ్యాయం చదివి, దేవునికి కోపం వస్తుందని నిజంగానే భయపడుతున్నాడు. ఇల్లు కడుగుతున్నానని ఆయన నమ్మకం. అందుకే వాక్యాలతో వాదనకు దిగకండి. మీరు అదే నిర్గమకాండం 25వ అధ్యాయంలో మందసం (ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) మీద దేవుడే చేయించిన కెరూబుల, అంటే రెక్కల దూతల బొమ్మల, గురించి చెప్తారు. సంఖ్యాకాండంలో దేవుడు చెప్పగా మోషే ఎత్తిన కంచు సర్పం గురించి చెప్తారు. ఆయన వెంటనే రెండో రాజుల గ్రంథం 18వ అధ్యాయం తీస్తాడు. జనం ఆ సర్పానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు. రెండూ బైబిల్లో ఉన్నవే. ఈ విషయం మీద 787లో నికేయాలో బిషప్పుల మహాసభే జరిగింది. స్వరూపానికి చేసే వందనం అందులో కనిపించే మనిషికి చేరుతుందనీ, ఆరాధన మాత్రం దేవునికొక్కడికే అనీ ఆ సభ తేల్చింది. ఇది మీ మనసు నిమ్మళానికి తెలుసుకోండి. అన్నయ్యను ఓడించడానికి వాడొద్దు. ఆయన ఇంట్లో నాన్న ఫొటో ఉంటే, దాన్ని తుడిచేటప్పుడు తుడుస్తున్నది అద్దాన్ని కాదని ఆయనకూ తెలుసు.

ముందు వదినతో మాట్లాడండి. అమ్మ అర్ధరాత్రి దాకా మేలుకుని ఉంటోందని ఆవిడకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తర్వాత అన్నయ్యతో, ఇద్దరే ఉన్నప్పుడు, ఇలా అనండి: ‘అన్నయ్యా, నీ నమ్మకం మార్చుకోమని నేను అడగను. అమ్మ గదిలో అమ్మ ఇష్టానికి వదిలెయ్. తలుపు తీసుకునే జపమాల చెప్పుకోనీ. ఆదివారం పూజకు ఆటో మాట్లాడదాం, డబ్బు నేనిస్తాను. ఆ స్వరూపం నీ గడప తొక్కదు, నేను చూసుకుంటాను. కాలవలో మాత్రం వేయొద్దు.’ అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. దీవించిన వస్తువు విరిగి పాడైపోయినా పారేయం, మట్టిలో పాతిపెడతాం లేదా కాల్చేస్తాం. ఇది మన వాళ్ల పాత పద్ధతి. ఇల్లు ఖాళీ చేసే రోజుదాకా ఆగకుండా, ఇప్పుడే విచారణ గురువుగారికి (ఊరి గుడి ఫాదర్‌కి) చెప్పి స్వరూపాన్ని గుడిలో భద్రంగా పెట్టించండి. అమ్మ తన మాట చెప్పాక దాన్నిబట్టి చేయవచ్చు.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు వచ్చే కోపాలు చాలాసార్లు వేరే వాటి మీదికి మళ్లుతాయి. నాన్నగారు వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు అమ్మది. మిగతా రెండు వంతులు పిల్లలకు సమానం, ఆడపిల్లకూ మగపిల్లాడికీ తేడా లేదు. మీరిద్దరే పిల్లలైతే ముగ్గురికీ తలా ఒక వంతు. అమ్మ వంతు అమ్మ పేరున బ్యాంకులో పడేలా చూడండి. చేతిలో తన డబ్బు ఉన్న తల్లి ఆదివారం ఆటోకు ఎవరినీ అడగక్కర్లేదు. డబ్బు మాటలూ, అంతోనివారి మాటలూ ఒకే రోజు పెట్టుకోకండి.

ఇక మీ సగం నమ్మకం సంగతి. మీరు ‘మా ఇంటి పునీతుడు’ అనుకుంటున్న ఆయన, సొంత ఇంటిని వదిలేసిన మనిషి. 1195లో లిస్బన్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు ఫెర్నాండో. మొదట చేరిన మఠం వదిలాడు. మొరాకోలో చంపబడిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మృతదేహాలను 1220లో తీసుకొచ్చినప్పుడు కదిలిపోయి, వాళ్ల సన్యాసి సభలో చేరి అంతోనిగా పేరు మార్చుకున్నాడు. తనూ మొరాకో వెళ్లాడు. అక్కడ జబ్బుపడి తిరుగు ప్రయాణమైతే, గాలికి ఓడ సిసిలీకి కొట్టుకుపోయింది. అనుకున్నచోటికి చేరని మనిషి, ఇటలీలో పాదువా ఊరి పేరుతో నిలిచిపోయాడు. 1231లో ఆయన చనిపోతే ఏడాది కూడా తిరగకముందే పునీతుడిగా ప్రకటించారు. ఇలాంటి మనిషి మీ హాజరు పట్టీ చూసి తలుపు వేస్తాడని నేను అనుకోను. అమ్మ ఇస్తానంటే తెచ్చుకోండి, ఉన్న నమ్మకంతోనే తెచ్చుకోండి.

కానీ హాల్లో షోకేసులో పాతకాలపు వస్తువులా పెడితే మాత్రం అన్నయ్య అన్న మాట నిజమవుతుంది. నా ఆశ ఆ రొట్టెల మీద ఉంది. అంతోనివారి పేరున పేదలకు రొట్టె ఇవ్వడం చాలా పాత ఆచారం, మీ ముత్తాత దాన్ని వీధి వీధంతటికీ తెచ్చాడు. వచ్చే జూన్ 13న మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ ఇంటికీ, పనిమనిషి పిల్లలకీ మీ అమ్మాయి చేత ఇప్పించండి. ‘ఎందుకు?’ అని అది అడుగుతుంది కదా, అప్పుడు చెప్పండి. మంగళవారం అమ్మకు ఫోన్ చేసి, మనవరాలి చేత జపమాలలో ఒక్క పదిమణులు చెప్పించండి చాలు. పెద్దావిడ గొంతు వెనక పసిదాని గొంతు నడుస్తుంటే మీకూ పూజకు వెళ్లాలనిపించవచ్చు. అనిపించకపోయినా ఆ ఫోన్ మానొద్దు.

మీ ఉత్తరం చివర్లో ఫొటో కూడా పంపారు. స్వరూపం చేతిలో లిల్లీ పువ్వు సగానికి విరిగి ఉంది. ఎవరి చేతిలో, ఎప్పుడు విరిగిందో మీరు రాయలేదు. గుణదలలో అమ్మను అడగండి, మీ అమ్మాయిని పక్కనే కూర్చోబెట్టుకుని. ఆవిడ ఏం చెప్పిందో నాకూ రాయండి.