పర్లాకిమిడిలో అమ్మానాన్న, డాలస్‌లో మీరు: ఇంటి దగ్గరే వైద్యం కుదిరేదెలా?

ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి కొత్తగా విదేశం వచ్చిన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే సందేహం ఇదే: "నాన్నగారికి బీపీ, షుగరు ఉన్నాయి. డాక్టరుకు వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోతుందా?" ఇంట్లో కొలతలు సరిగ్గా తీసే మనిషి ఉంటే సరిపోతుంది. ఆ మనిషి లేకపోతే ఎన్ని యాప్‌లు పెట్టినా డబ్బు దండగే. పక్కింటి కుర్రాడో, దగ్గరి చుట్టమో ఎవరో ఒకరిని కుదుర్చుకోండి. ఊరికే చేయమనకుండా నెలకింతని ఇవ్వండి. ఇవ్వకపోతే పది రోజులకే మొహం చాటేస్తారు, తప్పు వాళ్లది కాదు.

డాక్టరు సంగతి ముందు చూసుకోండి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం, మన దేశంలో రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగినైనా ఇలా చూడవచ్చు. కాబట్టి ఒడిశాలో ఉన్న పెద్దాయనకు విశాఖలోని తెలుగు డాక్టరు మందు రాయవచ్చు. అమెరికాలో డాక్టరుగా ఉన్న బావగారికి మన దేశపు రిజిస్ట్రేషన్ లేకపోతే మాత్రం సలహా వరకే, మందుల చీటీ రాయడానికి లేదు. ఒక్కసారైనా డాక్టరుకు మనిషిని నేరుగా చూపించండి. ఆ తర్వాత అదే జబ్బుకు ఆరు నెలల లోపు ఫోన్ చేస్తే పాత మందులు కొనసాగించడం, ఇంకొకటి కలపడం తేలిక. కొత్త రోగికి వట్టి ఆడియో కాల్‌లో రాయగలిగే మందులు చాలా తక్కువ. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి రాయకూడదు, అందుకని నిద్రమాత్రల కోసం పట్టుబట్టకండి. నాన్నగారి తరఫున మీరే మాట్లాడతానంటే ఆయన సంతకంతో అనుమతి కాగితం ముందే పంపి ఉంచండి. ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉచితం. ఓటీపీ ఫోనుకే వస్తుంది కాబట్టి ఆయన నంబరుతోనే నమోదు చేయండి.

బీపీ మిషను జబ్బకు కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు. కొనేముందు జబ్బ చుట్టుకొలత టేపుతో చూసుకోండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల వరకే. లావు చేతికి అదే బిగిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట టీ, చుట్ట, నడక మానాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా మీద నుంచి కట్టకూడదు. పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో కొలవాలి. వారం రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి, మిగతావాటి సగటు డాక్టరుకు పంపండి. ఇంటి సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, పెద్దాయన మంచం మీద కాళ్లు మడిచి కూర్చుని, వీడియోలో మనవడితో కబుర్లు చెబుతూ కొలిపించుకుంటారు. మాటలకే పది పాయింట్లు పెరగవచ్చు. ఆ అంకె చూసి డాక్టరు అక్కర్లేని మాత్ర పెంచుతారు, తర్వాత ఆయన కళ్లు తిరిగి పడతారు.

షుగరు చూసేముందు చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడవాలి. పనస తొనలు ఒలిచిన చేత్తో చూస్తే రీడింగు తప్పుగా పైకి పోతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టకపోతే వానాకాలం తేమకు పాడవుతాయి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఏ అంకెకు ఏం చేయాలో డాక్టరు చేత చెప్పించుకుని, తెలుగులోనూ ఒడియాలోనూ రాసి గోడకు అంటించండి. గుండె బలహీనమైనవాళ్లకు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, అదే రోజు ఫోన్ చేయాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దవడం, గుండెలో నొప్పి కనిపిస్తే వీడియో కాల్ కోసం ఆగవద్దు, 108కి చేయాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకే సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. పర్లాకిమిడి సరిహద్దు ఊరు, అవతల పాతపట్నం ఆంధ్ర, ఇవతల ఒడిశా కాబట్టి, కాల్ ఎటు తగిలినా ముందు రాష్ట్రం, జిల్లా, వీధి చెప్పమనండి.

తుఫాను రోజుల్లో ఫోన్, వీడియో వైద్యం పనిచేయదు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను కూడా ముంచింది. అక్టోబరుకు ముందే పదిహేను రోజుల మందులు, మిషన్ల బ్యాటరీలు, చీటీల నకళ్లు ఇంట్లో ఉండాలి. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలకు 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారాల దాకా చెడదు, పెట్టె మీద ఎన్ని రోజులుందో చూడండి. కరెంటు పోతే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టమనండి. ఫ్రీజర్లో గడ్డకట్టినది మాత్రం పారేయాల్సిందే.

ఇక టైము. వేసవిలో డాలస్‌లో రాత్రి 8:30 అంటే అక్కడ మర్నాడు ఉదయం 7. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పటి నుంచి అదే ఉదయం 7 మీకు రాత్రి 7:30 అవుతుంది, అపాయింట్‌మెంట్లు ఎక్కువగా తప్పేది ఆ వారంలోనే. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు వాట్సాప్ కాల్స్ కలవవు, డాక్టరును జూమ్ లేదా టీమ్స్ లింకు ముందే అడగండి.