డాస్ నడిచే 486 పీసీలో నెట్‌వర్క్ కార్డు: డీహెచ్‌సీపీ పలకనప్పుడు ఎక్కడ వెతకాలి

ఎన్ఈ2000 రకం ఐఎస్ఏ (పాత పీసీల స్లాటు) నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ డ్రైవరు (డాస్ ప్రోగ్రాములకు కార్డును అందించే చిన్న ప్రోగ్రాము) ఎక్కుతోంది, మ్యాక్ చిరునామా (కార్డు సొంత గుర్తింపు అంకె) కూడా చూపిస్తోంది, ఎంటీసీపీ (డాస్ కోసం నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట)లోని డీహెచ్‌సీపీ (రౌటరు నుంచి ఐపీ చిరునామా తెచ్చే ప్రోగ్రాము) మాత్రం టైమ్ అవుట్ అంటోంది, దాని సెట్టింగుల ఫైలు టీసీపీ.సీఎఫ్‌జీలో ఏం మార్చాలి అని అడిగారు. ముందుగా ఆ ఫైలు జోలికి వెళ్లకండి. మీరు చెప్పినదాన్ని బట్టి తేడా ఐఆర్‌క్యూలో (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్టు అంకెలో) ఉండే అవకాశమే ఎక్కువ.

మ్యాక్ చిరునామాను డ్రైవరు కార్డులోంచే చదువుతుంది కాబట్టి, అది సరిగ్గా కనిపించిందంటే ఐ/ఓ చిరునామా (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే పోర్టు అంకె) కుదిరినట్టే. రౌటరు నుంచి జవాబు వచ్చిన సంగతి ప్రాసెసర్‌కు తెలిసేది ఐఆర్‌క్యూ ద్వారా. ఆ అంకె తప్పుగా ఉంటే మన అభ్యర్థన బయటికి వెళ్తుంది, జవాబు కార్డు దాకా వచ్చి అక్కడే పడి ఉంటుంది. నా 486లోనూ సరిగ్గా ఇవే లక్షణాలు. కార్డు ఐఆర్‌క్యూ 3 మీద ఉంది, కామ్2 సీరియల్ పోర్టుదీ అదే అంకె. కార్డుతో వచ్చిన సెటప్ ప్రోగ్రాములో ప్లగ్ అండ్ ప్లే (ఈ అంకెల్ని తనంతట తానే ఎంచుకునే పద్ధతి) తీసేసి, ఐఆర్‌క్యూ 10కి మార్చాక వెంటనే ఐపీ చిరునామా దొరికింది. అయితే 10 కావాలంటే కార్డు 16 బిట్ల స్లాటులోనే ఉండాలి.

ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో డ్రైవరు వరుస ఇలా ఉంటుంది:

ఎన్ఈ2000 0ఎక్స్60 10 0ఎక్స్300

వరుసగా ప్యాకెట్ ఇంటరప్టు (ప్రోగ్రాములు డ్రైవరును పిలిచే అంకె), ఐఆర్‌క్యూ, ఐ/ఓ చిరునామా. చివరి రెండూ కార్డులో ఉన్నవే కావాలి. మొదటిది మాత్రం మన ఇష్టం, కానీ టీసీపీ.సీఎఫ్‌జీలోనూ అదే రాయాలి:

ప్యాకెట్ఇంట్ 0ఎక్స్60

మధ్యలో ఖాళీ చాలు, సమానం గుర్తు వద్దు. డీహెచ్‌సీపీ వాడేవారికి ఈ ఒక్క వరుస సరిపోతుంది. ఐపీఏడీడీఆర్, నెట్‌మాస్క్, గేట్‌వే, నేమ్‌సర్వర్ వరుసల్ని ఆ ప్రోగ్రామే ఈ ఫైలులో రాసుకుంటుంది. అందుకే ఫైలు రీడ్ ఓన్లీగానో, రైట్ ప్రొటెక్ట్ చేసిన ఫ్లాపీలోనో ఉండకూడదు. స్థిరమైన ఐపీ కావాలనుకుంటే ఆ నాలుగూ మీరే రాసి, డీహెచ్‌సీపీ నడపడం మానేయండి.

ఫైలు ఎక్కడుందో కూడా చెప్పాలి:

సెట్ ఎంటీసీపీసీఎఫ్‌జీ=సీ:\ఎంటీసీపీ\టీసీపీ.సీఎఫ్‌జీ

ఎన్విరాన్‌మెంట్ (సెట్‌తో ఇచ్చే విలువలు ఉండే చోటు) స్థలం చాలలేదని డాస్ అంటే, కాన్ఫిగ్.సిస్‌లోని షెల్ వరుసలో /ఈ:512 చేర్చండి.

మైకేల్ బ్రుట్‌మన్ రాసిన ఈ ఎంటీసీపీ 8088 ప్రాసెసర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. మీ 486కు వేగం గురించి బెంగ అక్కర్లేదు. ఐపీ వచ్చాక ముందు గేట్‌వేకు పింగ్ చేయండి, ఆ తర్వాతే ఎఫ్‌టీపీ సంగతి చూడండి. అప్పటికీ పలకకపోతే డ్రైవరు ఎక్కినప్పుడు తెర మీద కనిపించే వరుసలన్నీ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.