పాత తెరచాప బోటు ట్రైలర్‌తో సహా కొంటున్నాను, ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: హైదరాబాద్‌లో ఒకరు ఎంటర్‌ప్రైజ్ అనే రకం పాత ఫైబర్ తెరచాప బోటును ట్రైలర్‌తో కలిపి అమ్ముతున్నారు. దాన్ని ప్రొద్దుటూరుకు తెచ్చి మైలవరం, గండికోట రిజర్వాయర్లలో తిప్పాలని మీకుంది. కొత్త తెరచాపలకు, రంగుకు ఎంతవుతుందని అడిగారు.

ఆ రెండూ తర్వాత చూసుకోవచ్చు. డబ్బు ముందు ట్రైలర్‌కి, ఆ తర్వాత బోటు మీద కప్పే పట్టకి పెట్టండి. హైదరాబాద్‌లో పని చేసే రోజుల్లో నేను హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు కర్నూలులో ఇదే రకం బోటు పెట్టుకున్నాను. మన దగ్గర బోటు నీళ్లలో ఉండే రోజులు చాలా తక్కువ. మిగతా కాలమంతా ఎండలోనో రోడ్డు మీదో ఉంటుంది, పాడయ్యేదీ అక్కడే.

ఎంటర్‌ప్రైజ్ మంచి ఎంపికే. 1956లో జాక్ హోల్ట్ డిజైన్ చేసిన ఇద్దరి బోటు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఒట్టి బోటు బరువు దాదాపు 90 కిలోలు. నలుగురు పడితే లేస్తుంది. క్రేన్ గొడవ లేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక రూపాయి బిళ్ల పట్టుకెళ్లండి. అడుగు భాగమంతా, ముఖ్యంగా మధ్యలో సెంటర్‌బోర్డు (బోటు పక్కకి కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక) దిగే పెట్టె చుట్టూ, ట్రైలర్ మీద బోటు ఆనే చోట్ల, బిళ్లతో తట్టుకుంటూ పోండి. గట్టిగా టక్ టక్ మంటే పర్వాలేదు. ఒక్కచోట డొల్లగా, పుచ్చిన గుమ్మడికాయ మీద తట్టినట్టు మోగితే అక్కడ పొరలు విడిపోయాయని అర్థం. తర్వాత బోటు లోపల రెండు మూడు బకెట్ల నీళ్లు పోసి కిందికి వంగి చూడండి. కారితే ఎక్కువగా ఆ పెట్టె అతుకు దగ్గరే కారుతుంది. ఇక గాలి ట్యాంకులు. బోటు తిరగబడితే మునగకుండా ఆపేవి ఇవే. అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి, బిరడా రంధ్రంలో చిన్న పైపు పెట్టి నోటితో ఊదండి. బుడగలు ఎక్కడొస్తే అక్కడ లీకు. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం పెట్టనివ్వొద్దు, ట్యాంకు పగిలిపోతుంది. ఇంట్లో పెట్టినప్పుడు ఆ బిరడాలు తీసే ఉంచండి. మన మే నెల ఎండకు లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విచ్చుకుంటాయి.

ఫైబర్ పని మన ఊళ్లలో తలుపులు, ట్యాంకులు చేసేవాళ్లే చేస్తారు. పొద్దున ఎండెక్కకముందే చేయించండి, లేకపోతే రెజిన్ బ్రష్ మీదే గట్టిపడుతుంది. రెజిన్ గట్టిపడటానికి అందులో రెండు రసాయనాలు వేస్తారు. మీరే కలుపుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయొద్దు, పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్ వేయాలి.

ట్రైలర్ విషయానికొస్తే, చక్రాల బేరింగులు విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించకుండా హైదరాబాద్ దాటొద్దు. ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసే ఏ షాపులోనైనా చేస్తారు. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరగకుండా నిగనిగలాడుతున్నా, పాతదైతే పక్కలు సన్నగా పగిలి ఉంటాయి. అలాంటివి మార్చేయండి. స్టెప్నీ తప్పనిసరి. జడ్చర్ల దగ్గర ఒకసారి, కర్నూలులో ఒకసారి, నంద్యాల దాటాక ఒకసారి ఆపి హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆగిపోండి. తెరచాప కొయ్య (తెరచాపను కట్టే నిలువు స్తంభం) బోటు కంటే పొడుగు, వెనక్కి పొడుచుకొస్తుంది కాబట్టి ఎర్రగుడ్డ కట్టండి. రిజర్వాయర్ చేరాక ట్రైలర్‌ని వెంటనే నీళ్లలోకి దించొద్దు. వేడి హబ్ ఒక్కసారి చల్లబడితే నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. హబ్ చల్లారాకే దించండి.

బుడ్డల (వేరుశనగ) మీద కప్పే నీలం పట్ట ఒక్క ఎండాకాలానికే పీలికలైపోతుంది. లారీ మీద వేసే మందపాటి కాన్వాస్ కుట్టించండి. కొయ్యను బోటు పొడవునా ఎత్తుగా పడుకోబెట్టి దాని మీదుగా గుడారంలా దించితే కింద గాలి ఆడుతుంది, వాన నీళ్లు నిలవవు. తెరచాపలు ఇంట్లోనే, ఎలుకలు చేరని చోట చుట్టి పెట్టండి. ఎండకు గుడ్డ కంటే ముందు దారం పోతుంది. గోటితో కుట్టును గీరండి. తెగితే టార్పాలిన్ కుట్టేవాళ్ల చేత పాలియెస్టర్ దారంతో మళ్లీ కుట్టిస్తే ఇంకొన్నేళ్లు వస్తాయి, అందుకే కొత్తవి ఇప్పుడే వద్దన్నాను. కొయ్యను నిలబెట్టే స్టీలు తీగల మీద దూది జారించండి. దూది పోగు తగులుకున్న చోట ఒక పేట తెగిందన్నమాట, ఆ తీగ మార్చాల్సిందే. జీఐ తీగతో సరిపెట్టొద్దు. (కొయ్య గొట్టంలో కందిరీగలు గూడు పెడతాయి. లోపలికి చూసే ముందు కర్రతో తట్టండి!)

ప్రమాదం విషయంలో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది నీళ్లు కాదు, కరెంటు తీగలు. గండికోట నుంచి చిత్రావతి, పైడిపాళెం రిజర్వాయర్లకు నీళ్లెత్తే లిఫ్టులున్నాయి, వాటికి లైన్లు వస్తాయి. అల్యూమినియం కొయ్య నిలబెట్టే ముందు తలెత్తి చూడండి, నిలబెట్టాక బోటును నీళ్ల దాకా తోసే దారంతా చూడండి.

గాలి సంగతి మీకు తెలిసిందే. ఆషాఢంలో తాడిపత్రి, గుత్తి వైపు గాలిమరలు ఎలా తిరుగుతాయో అదే గాలి మీకూ తగులుతుంది. ఆ నెలల్లో తెరచాప పూర్తిగా విప్పొద్దు. గండికోట అడుగున ముంపు గ్రామాల గోడలు, చెట్ల మొద్దులు ఉంటాయి, సెంటర్‌బోర్డు తగిలితే విరుగుతుంది. పుట్టి మీద వలలేసేవాళ్లను అడిగితే ఎక్కడేముందో వేలు పెట్టి చూపిస్తారు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించుకోవద్దు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ ప్రమాదం జరిగాక మన రాష్ట్రంలో పడవల మీద నిఘా బాగా పెరిగింది. బోటు కొనకముందే ప్రాజెక్టు ఇంజనీర్ల ఆఫీసుకు వెళ్లి, సొంత తెరచాప బోటుకు అనుమతి ఎలా తీసుకోవాలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ట్రైలర్‌కి కూడా ఆర్‌సీ ఉండాలి. అది అమ్మేవాళ్ల పేరు మీదే ఉందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.