ఫోన్ పాఠాలు మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ వొకేషనల్ సెంటర్‌లో మేధో వైకల్యం ఉన్న, పద్దెనిమిది దాటిన వాళ్లకు వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే గురించి క్లాసులు పెడుతున్నానని, ఏ పాఠంతో మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. పాఠం కంటే ముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒక మాట తీసుకో. పిల్లలు ఫోన్‌లో ఏదో పొరపాటు చేసి, తమంతట తాము వచ్చి చూపిస్తే తిట్టకూడదు, ఫోన్ లాక్కోకూడదు. ఆ మాట ఇవ్వని ఇంట్లో నీ పాఠం నిలవదు. వీళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచీ తిట్లు పడుతూనే పెరుగుతారు. ఎదుటివాళ్ల ముఖం మాడితే చటుక్కున పసిగడతారు. ఒకసారి తిడితే రెండోసారి దాచేస్తారు. మోసం చేసేవాడికి కావలసింది ఆ దాపరికమే. "ఇంట్లో చెప్పకు" అని వాడు ముందే చెప్పిపెడతాడు.

అందుకని మొట్టమొదట నేర్పాల్సింది ఆగడం, చూపించడం. ఏది నిజం, ఏది అబద్ధం అని తేల్చే బరువు వాళ్ల నెత్తిన పెట్టకు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లే, పోలీసులమని ఫోన్ చేసి బెదిరించేవాళ్ల మాట విని, మన చట్టంలో ఎక్కడా లేని 'డిజిటల్ అరెస్ట్'ను నమ్మి, వీడియో కాల్ ముందు కూర్చుని లక్షలు పంపేస్తున్నారు. కొత్త నంబరు కనిపించినా, భయం వేసినా, ఎవరైనా డబ్బో ఫోటోనో అడిగినా స్క్రీన్ మీంచి వేలు తీసేసి, ఫోన్ తీసుకెళ్లి ఒక మనిషికి చూపించాలి. 'పెద్దవాళ్లకి చూపించు' అంటే వాళ్లకు ఎవరో తెలియదు. ఒక్కొక్కరికీ ఇద్దరు మనుషులు, ఫోటోలతో సహా, ఖాయంగా ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఇంటి బయటివాళ్లే కావాలి. ఇబ్బంది పెట్టే మనిషి ఇంట్లోనే ఉన్న సందర్భాలు నేను చూశాను.

"అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. "ఆ, టీచర్" అంటారు. మనం సంతోషిస్తామని అంటారు. "చేసి చూపించు" అను. చేతులు చెప్పేదే నమ్ము.

'ప్రైవసీ', 'వ్యక్తిగత సమాచారం' లాంటి మాటలు బోర్డు మీద రాయకు. ఓటీపీ, పిన్, ఆధార్ కార్డు, ఇంటి అడ్రస్, బట్టలు లేని ఫోటో అని విడివిడిగా చెప్పు. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ పెట్టు. డబ్బు విషయంలో ఒక్క వాక్యం చాలు: పిన్ కొడితే డబ్బు పోతుంది, రావడానికి పిన్ అక్కర్లేదు. రోజూ అనిపించు. "మీకు ఐదు వేలు వచ్చాయి, పిన్ కొట్టండి" అనే మాట ఏ భాషలో ఎవరు చెప్పినా చెయ్యి ఆగాలి. క్లాసులో నీ గొంతుకు ఆగినవాడు బయట మగ గొంతుకు, హిందీలో వచ్చిన కాల్‌కు ఆగుతాడన్న భరోసా లేదు. కాబట్టి గొంతులు మార్చు, నంబర్లు మార్చు, సాధన వాళ్ల సొంత ఫోన్ల మీదే చేయించు. ఉత్తుత్తి మెసేజ్ పంపేటప్పుడు "ఈ వారం ఒకటి వస్తుంది, కనిపెట్టండి" అని ముందే చెప్పు. చెప్పకుండా పరీక్షిస్తే నీ మీద నమ్మకం పోతుంది.

వీళ్లకు డబ్బెందుకు అనే తల్లిదండ్రులు ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 13వ సెక్షన్, తమ డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు వీళ్లకూ అందరితో సమానంగా ఉందంటుంది. అది చెప్పి ఊరుకోకుండా దారి కూడా చూపించు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో వీళ్లు టీకొట్టు దగ్గర స్కాన్ చేస్తే అమ్మ ఫోన్‌కు అనుమతి అడుగుతూ కబురు వస్తుంది, ఆమె పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. నమ్మకం కుదిరాక నెలకు ఇంత అని పరిమితి పెట్టి వదలొచ్చు. అయినా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో అందరికీ తెలియాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది.

ఇక వీడియోల సంగతి. కెమెరా చూపించిందల్లా నిజం కాదని తెలియాలి. ఇందులో మాటలతో ఏమీ కాదు, చేయించాలి. మీ గదిలో ఒక మూల చెత్త వేసి ఫోటో తీయించు, ఇంకో మూల శుభ్రంగా ఉన్నప్పుడు తీయించు. రెండూ ఒకే గది అని వాళ్లే చెబుతారు. నలుగురిని దగ్గర దగ్గరగా నిలబెట్టి గుంపులా కనిపించేలా తీయించు. ఫిల్టర్‌తో తన ముఖానికి కుక్క చెవులు పెట్టుకుని నవ్వినవాడికి, వీడియోలో హీరో ముఖాన్నీ మార్చగలరని వేరే చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి "ఇది ఎవరు పెట్టారు? మన దగ్గర ఏం కావాలని పెట్టారు?" అని రెండే ప్రశ్నలకు రా. చదవడం రానివాళ్లకు ప్రకటనల మీద ఉండే 'స్పాన్సర్డ్' అనే మాటను, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన వాట్సాప్ మెసేజ్ మీద వచ్చే రెండు బాణాల గుర్తును బొమ్మలాగే గుర్తుపట్టడం నేర్పొచ్చు. దీనికి నెలలు పడితే పట్టనీ.

అన్నిటికంటే కష్టమైనది ఫ్రెండ్ రిక్వెస్ట్. ఎవరు పంపినా ఒప్పేసుకుంటారని తల్లులు వాపోతారు. వాళ్లకు ఫోన్ చేసేవాళ్లు ఎవరున్నారని నేను అడుగుతాను. అన్నకు స్నేహితులున్నారు, చెల్లికి ఉన్నారు, వీళ్ల ఫోన్ మోగేది కంపెనీ కాల్స్‌కే. "హాయ్, తిన్నావా" అన్న కొత్త మనిషిని వద్దనమంటే ఎలా వద్దంటారు? అపరిచితుల్ని బ్లాక్ చెయ్యడం నేర్పే వారమే, క్లాసు వాళ్లందరితో ఒక గ్రూపు పెట్టు. పుట్టినరోజులకు కాల్ చేయించు. ఒకరికి ఒక మెసేజ్ పెట్టి జవాబు వచ్చేదాకా ఆగడం, అవతలివాళ్లు వద్దంటే మానడం కూడా అక్కడే అలవాటవుతాయి. స్నేహితులు ఉన్నవాళ్లు కొత్త నంబరుకు అంత తేలిగ్గా చిక్కరు.

ఫోటో పెట్టే ముందు అడగాలని వాళ్లకు చెప్పేముందు, మీ సెంటర్ గ్రూపు ఒకసారి తెరిచి చూడు. పండగ ఫోటోలు, బహుమతి ఇస్తున్న దాతలతో ఫోటోలు నిండా ఉంటాయి. వాళ్లను అడిగి పెట్టినవి ఎన్ని? సోమవారం అవి ఒక్కొక్కటీ చూపించి "ఉంచనా, తీసేయనా?" అని అడుగు. తీసేయమన్నవి వాళ్ల ఎదురుగానే తీసేయి, ఆ దాత ఏమైనా అనుకుంటే నా పేరు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మేడమ్