పికప్ ట్రక్కులో వెనుక కమాన్ కట్ట ఒకటే విరిగితే రెండూ మార్చాలా?

అవును, ఒక వైపుదే విరిగినా వెనుక కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, రెండూ కలిపే మార్చాలి. ఏళ్ల తరబడి బరువు మోసిన ఉక్కు పట్టీలు అలసిపోయి వంపు కోల్పోతాయి. కొత్త కట్టకు ఆ వంపు పూర్తిగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఎత్తు ఒకేలా ఉండదు. ఉదాహరణకు, 20 ఏళ్ల బండికి ఎడమ కట్ట మాత్రమే మారిస్తే, ఎడమ వైపు పైకి లేచి బండి కుడికి ఒరుగుతుంది. లోడు వేస్తే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులు కూడా కొత్తవే వేయండి. ఒకసారి బిగించాక అవి సాగుతాయి, పాతవి మళ్లీ వాడితే పట్టు నిలవదు. ఇందులో మాత్రం పొదుపు వద్దు. కట్ట చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల (గొట్టం లాంటి రబ్బరు ముక్కల) బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీదికి దించాకే చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

బండి వెనుక కుంగితే షాక్ అబ్జార్బర్లు పోయాయని చాలామంది అనుకుంటారు. మామూలు షాక్ అబ్జార్బర్లు ఊగడాన్ని తగ్గిస్తాయంతే. బరువు మోసేది కమాన్ కట్టలే.