పొదుగువాపుకు మందు వేయించాక మంచి చన్నుల పాలు పోయొచ్చా?

ప్రశ్న: మా ముర్రా గేదెకు ఒక చన్నులో పొదుగువాపు వచ్చింది. డాక్టరు గారు మూడు రోజులు ఇంజెక్షన్లు చేసి, చన్నులోకి ట్యూబులు ఎక్కించారు. ఆఖరి ట్యూబు తర్వాత నాలుగు రోజులు పాలు కేంద్రానికి పోయొద్దన్నారు. పూటకు నాలుగు లీటర్లిచ్చే గేదె అది. మిగతా మూడు చన్నుల పాలు బాగానే ఉన్నాయి, అవైనా పోయొచ్చా? ఊరందరి పాలలో కలిసిపోయేదానికి ఇన్ని రూల్స్ ఎందుకు? – ఒక పాడి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వద్దండి, ఆ మూడు చన్నులవీ పోయొద్దు. సూదిమందు రక్తంలోంచి నాలుగు చన్నుల్లోకీ దిగుతుంది, ఒక చన్నులోకి ఎక్కించిన ట్యూబు మందు కూడా కొంత రక్తంలో కలిసి మిగతా చన్నులకు చేరుతుంది. పాలు తెల్లగా ఉన్నాయంటే జబ్బు లేదని అనుకోవచ్చేమో గానీ మందు లేదని కాదు. మందుకు రంగూ రుచీ ఉండవు, కాచినా పూర్తిగా పోదు.

రోజుకు 8 లీటర్ల చొప్పున నాలుగు రోజులకు 32 లీటర్లు, చిన్న నష్టమేం కాదు. కానీ కలిసిపోతాయి కదా అన్నారు చూడండి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీ క్యాన్ ఊళ్లో అందరి పాలతో కలిసి కూలర్‌లోకి పోతుంది, అక్కడ స్ట్రిప్ పెట్టి చూసినప్పుడు మందు తేలితే మీ ఒక్కరివే కాదు, ఆ ట్యాంకు పాలన్నీ వెనక్కొస్తాయి. తేలకుండా దాటిపోయినా డెయిరీలో తోడు వేసిన పాలు సరిగా పెరుగు కావు, ఎందుకంటే తోడులో ఉండేవీ బ్యాక్టీరియానే, యాంటీబయాటిక్ వాటినీ వదలదు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ పాలు తాగితే దద్దుర్లు రావచ్చు. ఇలా కొంచెం కొంచెంగా మందు ఒంట్లోకి పోతుంటే క్రిములు దానికి అలవాటుపడి, రేపు మన పిల్లలకు జ్వరమొచ్చినా మీ గేదెకు మళ్లీ పొదుగు వాచినా అదే మందు పనిచేయని పరిస్థితి వస్తుంది.

మందు వాడాక పాలు ఎన్నాళ్లు ఆపాలో పశువుల మందుల లేబుల్ మీద ఉండాలని 2012లో నిబంధన వచ్చింది. ఆ గడువు తేల్చని మందైతే పాలకు కనీసం 7 రోజులు. ట్యూబుకో గడువు, ఇంజెక్షన్‌కో గడువు ఉంటే ఎక్కువున్నదే పట్టుకోండి. లెక్క మొదటి సూది నుంచి కాదు, ఆఖరి డోసు నుంచి. వాపు తగ్గిందని మధ్యలో కోర్సు ఆపేయొద్దు.

చాలామంది కేంద్రానికి మానేసి టీ కొట్టుకు పోస్తారు. అది ఇంకా అన్యాయం, అక్కడ చూసేవాడే ఉండడు. దూడకు కూడా పట్టొద్దు, దూరంగా గుంట తీసి పారబోయండి. ఆ నాలుగు రోజులూ పాలు మాత్రం పూర్తిగా పిండాల్సిందే, పొదుగులో వదిలేస్తే వాపు తిరగబెడుతుంది.

పనిలో పని, దాణా కూడా ఒకసారి చూసుకోండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క పెడితే అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి దిగుతుంది, కిలో పాలకు అర మైక్రోగ్రాము మించకూడదని మన దేశంలో పరిమితి. ఇదీ కాచితే పోదు.

ఇక మళ్లీ రాకుండా: పాలు పిండగానే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి, వెంటనే మేత వేసి అరగంటైనా గేదెను నిలబడే ఉండేలా చూడండి. పిండాక చన్ను రంధ్రం మూసుకోవడానికి కొంత టైమ్ పడుతుంది, ఈలోగా పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. ఆఖరి డోసు తేదీ, టైము కొట్టం గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి, పాలు పిండేది మీరొక్కరే కాదు కదా.