కూలర్ కిటికీకి పట్టిన తెల్ల పెచ్చు

ప్రశ్న: అక్కా, మాది కాజీపేట. ఎండాకాలమంతా హాలు కిటికీకి కూలర్ పెట్టాం. ఇప్పుడు తీసి చూస్తే అద్దాల మీద, ఊసల మీద తెల్లగా పెచ్చు కట్టి ఉంది. సబ్బుతో ఎంత తోమినా పోలేదు. బజారులో దొరికే స్ప్రే కొడితే మా అత్తమ్మకు దగ్గు, ఆయాసం మొదలవుతున్నాయి. బతుకమ్మకు ఆడపడుచులు వస్తారు. ఆలోపు ఇంట్లో ఉన్న వస్తువులతోనే శుభ్రం చేసుకునే దారి చెప్పండి. వెనిగర్‌లో వంట సోడా కలిపితే పోతుందని పక్కింటివాళ్లు అంటున్నారు, నిజమేనా?

జవాబు: చెల్లెమ్మా, అది మురికి కాదు, మీ బోరు నీళ్లలోని సున్నం. కూలర్ తుంపర అద్దానికి తగిలి ఆరిపోతుంది, నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మాత్రం అక్కడే ఉండిపోతుంది. మూడు నెలలు రోజూ ఇదే జరిగితే పొర మీద పొర పడుతుంది. నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డుకు పట్టే పెచ్చు కూడా ఇదే. సబ్బు జిడ్డును వదిలిస్తుంది గానీ సున్నాన్ని కరిగించలేదు. పైగా ఇలాంటి సున్నం నీళ్లలో సబ్బు విరిగిపోయి ఇంకో తెల్ల పొర వేస్తుంది. సున్నానికి విరుగుడు పులుపే.

కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్ తెచ్చుకోండి. అందులో ఆమ్లం 4, 5 శాతమే ఉంటుంది, మన పనికి అది చాలు. మామూలు మరకలకు ఒక గిలాస వెనిగర్‌కు ఒక గిలాస నీళ్లు కలపండి. పెచ్చు కట్టిన చోట మాత్రం నీళ్లు కలపకుండా పాత నూలు గుడ్డను వెనిగర్‌లో ముంచి, కారకుండా పిండి, అద్దానికి అతికించినట్టు పెట్టండి. పావుగంట అలాగే ఉంచి, గుడ్డ అంచు కొద్దిగా ఎత్తి చూడండి. ఆవగింజ కన్నా చిన్న బుడగలు కనిపిస్తాయి. సున్నం కరుగుతోందని దాని అర్థం. వేలితో రాస్తే పెచ్చు మెత్తబడి జారుతుంది. అప్పుడు గుడ్డతోనే రుద్ది నీళ్లతో కడగండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ పెట్టండి. స్టీలు పీచు, బ్లేడు జోలికి మాత్రం పోవద్దు, గీతలు పడితే ఆ అద్దం ఇక బాగుపడదు. రెండు మూడు సార్లు పెట్టినా మసక పోలేదంటే అద్దమే దెబ్బతిన్నట్టు, ఇంక రుద్ది లాభం లేదు. ఇనుప ఊసలను ఇలాగే తుడిచి, వెంటనే కడిగి పొడిగుడ్డతో ఆరబెట్టండి, లేకపోతే తుప్పు పడుతుంది. వెనిగర్ లేకపోతే నిమ్మరసం వడగట్టి వాడుకోవచ్చు.

వెనిగర్‌లో వంట సోడా కలిపితే బుసబుసమని పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. రెండూ మంచివే, కానీ విడివిడిగా. సోడా తడిపి ముద్ద చేసి కిటికీ పట్టాల మూలల్లో పేరుకున్న జిడ్డుకు వాడండి. అల్యూమినియం మీద ఎక్కువసేపు ఉంచితే నల్లబడుతుంది, వెంటనే కడిగేయాలి.

ఇంకో మాట. కిటికీ గట్టు ఏ బండో చూసుకోండి. పోయినేడు హన్మకొండలో మా ఇంట్లో వెనిగర్ గుడ్డను తాండూరు బండ గట్టు మీద మర్చిపోయి పడుకున్నాను. పొద్దున చూస్తే అరచెయ్యంత మేర మెరుపు పోయి గరుకుగా తయారైంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తాండూరు, షాబాద్, కడప బండలు, మార్బుల్, అన్నీ సున్నపురాయి సంబంధమే. అద్దం మీద సున్నాన్ని తినే పులుపు బండను మాత్రం వదులుతుందా? కరీంనగర్ గ్రానైట్‌కు అంత భయం లేదు. ఏదైనా సరే, గట్టు మీద మందంగా ఒక తువ్వాలు పరిచి పని మొదలుపెట్టండి.

మీ అత్తమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. సీసాలో పోసి స్ప్రే కొట్టకండి. ఇంట్లో కలిపిందైనా సరే, ఆ సన్నటి తుంపర గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డకే తడి పట్టించి తుడవండి. వెనిగర్ ఘాటు కూడా కొందరికి పడదు, అందుకని ఆమెను ఇంకో గదిలో కూర్చోబెట్టి, కిటికీలన్నీ తెరిచి పని చేసి, ఘాటు పోయాకే పిలవండి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది: వెనిగర్‌ను గానీ నిమ్మరసాన్ని గానీ బాత్రూమ్ యాసిడ్‌ను గానీ బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఆరోగ్యవంతులకే ఊపిరి ఆడదు, ఆయాసం ఉన్నవారి సంగతి చెప్పక్కర్లేదు. మీ చెయ్యి పట్టుకుని చెప్తున్నాననుకోండి.

చివరి కడుగు మళ్లీ బోరు నీళ్లతో చేస్తే మీరు పడ్డ కష్టమంతా వృథా. వానలు ఇంకా ఉన్నాయి కదా, ఒక బకెట్ వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. లేదంటే ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. వాటిలో సున్నం దాదాపు ఉండదు, మరక పడదు. ఎండ పడుతున్న అద్దాన్ని తుడవకండి, తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి. తూర్పు కిటికీ సాయంత్రం, పడమటి కిటికీ పొద్దున పెట్టుకోండి.

ప్రశ్న: గోదావరిఖనిలో ఉంటాం. రోజూ నల్లటి బొగ్గు దుమ్ము. తుడిచిన కొద్దీ అద్దం మసిబారుతోంది.

జవాబు: తడిగుడ్డ ముందు పెడుతున్నారేమో, దుమ్ము బురదై అద్దమంతా పులుముకుంటుంది. పొడిగుడ్డతో రుద్దినా గీతలు పడతాయి. ముందు రంగులేసే మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి దులపండి, దోమల జాలీని కూడా. తర్వాత మగ్గుతో నీళ్లు ధారగా పోయండి. ఆ తర్వాతే గుడ్డ.

వంటింటి కిటికీకి పోపు పొగ జిడ్డు కూడా ఉంటుంది కాబట్టి దానికి కుంకుడు రసం పెట్టండి. ఏడెనిమిది కాయలు కొట్టి గింజలు తీసి, లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టాలి. మా అమ్మ పట్టుచీరలకూ, బంగారు గొలుసుకూ ఇదే వాడేది. నురుగుతో తుడిచి వెంటనే కడగండి, ఆరనిస్తే గోధుమరంగు మరక అవుతుంది. రసం రెండు రోజుల్లో పులిసిపోతుంది, ఎప్పటికప్పుడు కొంచెమే చేసుకోండి. కళ్లలో పడనివ్వకండి.

ప్రశ్న: అద్దాలు పేపరుతో తుడవొచ్చా?

జవాబు: అద్దం వరకు తుడవొచ్చు. తెల్లరంగు చట్రాలకు తగిలితే సిరా అంటుకుంటుంది. నాకైతే బాగా ఉతికిన పాత నూలు లుంగీయే నచ్చుతుంది, నూగు రాలదు. రెండు ముక్కలు చెయ్యండి, ఒకటి తడికి, ఒకటి పొడికి. లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా తుడవండి. చార మిగిలితే ఏ వైపుదో అది ఉన్న తీరే చెప్తుంది.